పసివేళ్ళు - పెద్దల చెవులు

కొన్ని ఏండ్ల క్రిందట కరీంనగర్ జిల్లాలోని ఒక పట్టణపు పాఠశాల వార్షికోత్సవమునకు నన్ను సంగీతపు పోటీలో న్యాయనిర్ణేతగా పిలిచినారు. మేము ముగ్గురము. నా చేతికి ఒక కాగితమిచ్చినారు. దానిపై నాలుగు గడులు: శ్రుతి, లయ, భావము, వేదికపై నడవడి. ఒక్కొక్క గడికి 10 మార్కులు. పాటలు పాడిన పిల్లలు అయినారు, తబలా వాయించిన బాలిక అయినది, వేణువు ఊదిన పదవ తరగతి విద్యార్థి అయినాడు. అప్పుడు తొమ్మిదేండ్ల బాలుడొకడు వేదికపైకి వచ్చినాడు. ఇద్దరు పెద్దపిల్లలు అతని వెనుక కీబోర్డును మోసికొని వచ్చి బల్లపై పెట్టినారు. బాలుడు కుర్చీలో కూర్చున్నాడు. పాదములు నేలకు అందలేదు. సభ అంతయు చప్పట్లతో మారుమ్రోగినది. అప్పటికి అతడింకను ఒక్క మెట్టు కూడ నొక్కలేదు.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతము, బీథోవెన్ రచన యని ప్రకటించినారు. వాయిద్యము ఒక నిమిషములో ముగిసినది. ఆ చిన్ని వేళ్ళు మెట్లపై పరుగెత్తుచుండగా తల్లులు లేచి నిలిచి చూచినారు. ప్రధానోపాధ్యాయులు కన్నులు తుడుచుకొన్నారు. నేను 40కి 38 మార్కులు వేసినాను. తగ్గించిన ఆ రెండు మార్కులును నా నిష్పక్షపాతమునకు గుర్తుగా తగ్గించినవే తప్ప, ఏ లోపమునకును కావు.

సభ ముగిసిన తరువాత బస్టాండు దాక నాతో నడచివచ్చిన పెద్దమనిషి ఒకప్పుడు నాటకములకు హార్మోనియము వాయించినవాడు. దారిలో ఆయన అడిగినాడు.

"ఏం సారూ, పిలగాడు ఏం వాయించిండు?"

"బీథోవెన్."

"అది చేసినాయన పేరు. పిలగాడు ఏం వాయించిండని అడుగుతున్న. మెల్లగ పలికిన చోటు ఒక్కటన్న ఉన్నదా?"

నేను సమాధానము చెప్పలేకపోయినాను. జ్ఞాపకము చేసికొనుటకు ఎంత ప్రయత్నించినను నా మనస్సులో మెదలినవి నేలకు అందని రెండు పాదములే. చెవిలో ఏమియు నిలువలేదు.

ఆ రాత్రి అదే రచనను ఒక పేరుమోసిన పియానో విద్వాంసుడు వాయించగా రికార్డులో విన్నాను. 'ఫర్ ఎలీజ్' అను ఈ చిన్న రచనను బీథోవెన్ 1810లో వ్రాసినాడు. ఆయన మరణించిన 40 ఏండ్లకు, 1867లో గాని అది అచ్చు కాలేదు. ప్రక్కప్రక్కనే ఉన్న రెండు మెట్లు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది, ఒకదానితో నొకటి గుసగుసలాడుకొన్నట్లు అది ఆరంభమగును. చాల మెల్లగా వాయించవలెనని రచయితయే మొదట గుర్తు పెట్టినాడు. ఈ మొదటి భాగము ఇంచుమించు అందరు పిల్లలకును చేతికి లొంగును. అసలు కష్టము దాని తరువాతిది. నడుమ ఒకచోట కుడిచేయి వడివడిగా చిక్కుదారులలో తిరుగవలెను. మరొకచోట ఎడమచేయి ఒకే మంద్రస్వరమును ఆగక మ్రోగించుచుండగా పైన వేదన పెరిగి పెరిగి మరల మొదటి గుసగుసకు దిగిరావలెను. మా బాలుడు వాయించినది మొదటి భాగము మాత్రమే. అదియును ఆద్యంతము ఒకే బిగ్గరతనముతో, గుసగుసను గావుకేకగా మార్చి వాయించినాడు. భావమను గడిలో నేను 10కి 10 వేసియున్నాను.

తప్పు బాలునిది కాదు. ఉపాధ్యాయుడనై యుండి పరీక్షాపత్రమును చదువకయే చేతివ్రాతకు మార్కులు వేసినట్లు నేను చేసినాను. వయస్సును చూచి ఆశ్చర్యపడుట వేరు, విని నిర్ణయించుట వేరు. మొదటిది కన్నుల పని, రెండవది చెవుల పని. ఆనాడు నా కన్నులు నా చెవులకు సెలవిచ్చినవి.

ఈ చిక్కు మనతో పుట్టినది కాదు. 1765లో లండను నగరమున ఇట్టి బాలునే ఇద్దరు వేరువేరు తీర్పరులు పరీక్షించినారనవచ్చును. ఒక తీర్పరి డబ్బిచ్చి వచ్చిన ప్రజ. ఆ ఏడు జూలైలో పత్రికలో ఒక ప్రకటన పడినది. సాల్జ్‌బర్గు నుండి వచ్చిన మొజార్టు అను బాలుడును, అతని అక్కయు కార్న్‌హిల్ వీధిలోని ఒక సత్రములో వాయింతురనియు, ప్రవేశరుసుము మనిషికి రెండున్నర షిల్లింగులనియు, మెట్లు కనబడకుండ వాద్యముపై చేతిరుమాలు కప్పి నాలుగు చేతులతో వాయించి చూపుదురనియు దాని సారాంశము. గుడ్డ కప్పి వాయించుట చూచువారికి మహాద్భుతము. కాని ఆలోచించి చూడుడు. చేతికి అలవాటైన పాటను గుడ్డక్రింద వాయించుట ఎంత కష్టము? హార్మోనియము వాయించువాడు మెట్లను చూచుచు వాయించునా? ఆ పరీక్ష బాలుని సంగీతమును గూర్చి చెప్పునది స్వల్పము.

రెండవ తీర్పరి డెయిన్స్ బారింగ్టన్. వృత్తిచేత నిజముగనే న్యాయమూర్తి, ప్రకృతిశాస్త్రమునందు ఆసక్తి గలవాడు, రాయల్ సొసైటీ సభ్యుడు. ఆయన 1765 జూన్‌లో మొజార్టు బస చేసిన ఇంటికి పోయి ఆ బాలుని పరీక్షించినాడు. నాకు తెలిసినంతలో బాలమేధావులను పరీక్షించు విధానమున ఇంతకంటె వివేకముతో కూడిన ఉదాహరణము అరుదు. కావున కొంత విపులముగా చెప్పుదును.

బారింగ్టన్ తనతో ఒక వ్రాతప్రతిని తీసికొనిపోయినాడు. ఒక ఆంగ్లేయుడు స్వరపరచిన యుగళగీతమది. అచ్చు కాలేదు. కావున బాలుడు దానిని పూర్వము చూచియుండుటకు వీలు లేదు. దానిలో ఒకదాని క్రింద నొకటిగా ఐదు వరుసలు: వయొలినులకు రెండు, గాత్రములకు రెండు, మంద్రమునకు ఒకటి. ఐదు వరుసలను ఒక్కచూపులో చదివి, హార్ప్‌సికార్డుపై ఒక్కడే పలికించవలెను. అన్ని వరుసలకు స్వరముల గుర్తులు ఒకే తీరున ఉండవు. ఐదు పంక్తులను ఏకకాలమున చదువుచు, కొన్ని పంక్తులలో అక్షరములకు విలువలు వేరుగా ఉండిన ఎట్లుండునో అట్లని బారింగ్టన్ సంగీతము రానివారికి విడమరచి చెప్పినాడు. మన బడిపిల్లవానికి తెలుగు, ఉర్దూ, మరాఠీ పంక్తులను ఒకదానిక్రింద నొకటి వ్రాసి ఇచ్చి, అన్నిటిని ఒకేమారు అర్థభావములతో చదువుమన్నట్లని మనము అనుకొనవచ్చును.

కాగితము ఎదుట పెట్టినంతనే బాలుడు ఆరంభపు వాద్యభాగమును రచయిత ఉద్దేశించిన కాలములో, అదే తీరులో వాయించినాడట. పిదప పైగాత్రమును తానందుకొని, క్రిందిగాత్రమును తండ్రికి వదలినాడు. గొంతు సన్నని పసిగొంతే. తండ్రి లియోపోల్డు చేయితిరిగిన సంగీతజ్ఞుడు. ఐనను ఆయనయే ఒకటి రెండు చోట్ల తప్పినాడు. కొడుకు కొంచెము కోపముగా వెనుదిరిగి చూచి ఆ తప్పును చూపించినాడట! నాకు ఈ వృత్తాంతములో అన్నిటికంటె విలువైన సాక్ష్యము ఇదియే. తన వరుసను వాయించుచు, పాడుచు, పక్కవాని వరుసను కూడ వినగలిగిన చెవి అది.

తరువాత బారింగ్టన్ అప్పటికప్పుడు ఒక ప్రణయగీతమును కల్పించి పాడుమని కోరినాడు. బాలుడు 'ప్రేమ' అను అర్థమిచ్చు ఒక్క ఇటాలియను పదమును ఆధారముగా తీసికొని పాడినాడు. ఈమారు క్రోధగీతమును పాడుమన్నాడు. 'ద్రోహి' అను పదమును పట్టుకొని బాలుడు పాడి, పాట నడుమకు వచ్చుసరికి పూనకము వచ్చినవానివలె మెట్లను బాదుచు కుర్చీలో నుండి లేచినాడట. అతని చిన్నివేళ్ళు ఐదు స్వరముల దూరమునైనను సరిగా అందుకొనలేవని కూడ బారింగ్టన్ వ్రాసినాడు. అనగా చేతి బలహీనతను చూచినాడు, వ్రాసినాడు. దానికై మార్కులు కలుపలేదు, తీసివేయలేదు. ఇంతలో పిల్లి యొకటి గదిలోనికి వచ్చినది. బాలుడు వాద్యమును వదలి దానివెంట పోయినాడు. ఎంతసేపటికిని తిరిగి రాలేదు. మరియొకప్పుడు కఱ్ఱను గుఱ్ఱముగా చేసికొని గదియంతయు పరుగెత్తినాడు. వీనిని కూడ ఆ న్యాయమూర్తి సాక్ష్యములుగా చేర్చుకొన్నాడు. తండ్రి వయస్సు తగ్గించి చెప్పుచున్నాడేమో యను అనుమానము తీరుటకు అవి కొంత తోడ్పడినవి.

అనుమానము అంతటితో పూర్తిగా తీరక, ఒక రాయబారి ద్వారా సాల్జ్‌బర్గు నుండి జనన ధ్రువపత్రమును తెప్పించినాడు. 1756 జనవరి అని దానిలో ఉన్నది. అంతయు రుజువైనదని సంతోషించి, పరీక్షనాటికి బాలుని వయస్సు 8 సంవత్సరముల 5 నెలలని రాయల్ సొసైటీకి నివేదించినాడు. ఆ నివేదిక 1770లో సభలో చదువబడినది. పాఠకులు వ్రేళ్ళు మడచి లెక్కించినచో ఒక సంవత్సరము తగ్గినదని తెలియును. పత్రము చేతిలో ఉండియు న్యాయమూర్తి కూడిక తప్పినాడు! బాలుడు ఎంత చిన్నవాడైన అంత గొప్పవాడను మమకారము ఆయనను సైతము విడువలేదనుకొందును. ఐనను ఆయన పరీక్షకు వచ్చిన లోటు లేదు. ఎనిమిదేండ్లైనను, తొమ్మిదేండ్లైనను, కన్నెరుగని ఆ ఐదు వరుసలను చదివిన చదువు మారదు కదా.

మనలో అనేకులకు పియానో పరిచయము తక్కువ. కావున వాయిద్యమున ఏమి వినవలెనో రెండు మాటలు. ఆ పెట్టెలో 88 మెట్లుండును: తెల్లవి 52, నల్లవి 36. మెట్టును నొక్కినప్పుడు లోపల ఉన్నితొడుగు గల చిన్న కొయ్యసుత్తి లేచి తీగెలను కొట్టి వెనుకకు పడిపోవును. తీగెను కొట్టిన తరువాత ఆ స్వరమును పెంచుటకు గాని, ఊపుటకు గాని, జార్చుటకు గాని వాయించువానికి ఉపాయము లేదు. వీణలో తీగెను లాగి గమకము పలికించవచ్చును. పియానోలో అది పొసగదు. హార్మోనియమునకు కూడ అదే కొరత. అఖిల భారత రేడియో 1940లో హార్మోనియమును బహిష్కరించి 1971 దాక ఆ నిషేధమును సడలించకుండుటకు చెప్పిన కారణములలో అదియొకటి. ఇక పియానో వాయించువానికి మిగిలినదేమి? మెట్టును ఎంత బరువుతో తాకవలెను, ఎప్పుడు తాకవలెను, ఎప్పుడు వదలవలెను అనునవి మాత్రమే. ఆ మూడింటితోనే నవ్వు, ఏడ్పు, ఆవులింత, ఆశ్చర్యము అన్నియు చెప్పవలెను. కుడిచేయి పాడుచుండగా ఎడమచేయి తగ్గి పలుకుచున్నదా? వాక్యము ముగిసినచోట ఊపిరి తీసిన జాడ ఉన్నదా? స్వరము లేని చోట, ఆ నిశ్శబ్దములో, తాళము నడచుచున్నదా? వినవలసినవి ఇవి. వేగము అన్నిటికంటె చివరిది. అది లేకున్నను సంగీతముండును.

కాని వేగమునకు ఒక సౌకర్యమున్నది. దానిని కొలువవచ్చును. 2019లో అమెరికా టెలివిజనులో జరిగిన 'ద వరల్డ్స్ బెస్ట్' అను పోటీలో చెన్నపట్టణమునకు చెందిన 13 ఏండ్ల లిడియన్ నాదస్వరమ్ మొదటివాడై 10 లక్షల డాలర్ల బహుమతి గెలిచినాడు. రిమ్‌స్కీ-కోర్సకోవ్ రచనయైన 'ఫ్లైట్ ఆఫ్ ది బంబుల్‌బీ'ని, భ్రమరము ఎగురుటను వర్ణించు స్వరచిత్రమును, నిమిషమునకు 208 దెబ్బల వేగముతో వాయించి, వెంటనే 325 దెబ్బల వేగముతో మరల వాయించినాడు. ప్రపంచమంతయు నోరు తెరచి చూచినది. పలు వాద్యములు నేర్చిన ఆ బాలుని ప్రతిభను శంకించువాడను కాను. పోటీ కోరినదానిని అతడు ఇచ్చినాడు. పోటీ దేనిని కోరినది యన్నదే నా ప్రశ్న. 325 దెబ్బలని తెరపై అంకె చూపవచ్చును. ఒక స్వరము తరువాతి స్వరమును ఎట్లు ప్రేమతో చేయిపట్టి పిలిచినదో చూపుటకు అంకె లేదు. గుడ్డకప్పిన సత్రమునుండి 254 ఏండ్లు నడచి మనము మరొక సత్రమునకు చేరినామని అప్పుడప్పుడు అనిపించును.

తెలుగునేలపై బాలమేధావులకు కొదువ లేదు. వారిని విన్న పెద్దలకును కొదువ లేదు. 1930లో శంకరగుప్తములో పుట్టిన మంగళంపల్లి మురళీకృష్ణ ఎనిమిదవ యేట విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున కచేరీ చేయగా, హరికథావిద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతులు ఆ పేరునకు ముందు 'బాల' అని చేర్చినారు. 86 ఏండ్ల వయస్సున 2016లో కన్నుమూయువరకు ఆయన బాలమురళియే. ఆ రెండక్షరములు బిరుదమువలె అంటుకొని పోయినవి. కాని పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి వంటి గురువు ఆ బాలుని బాలునిగా చూచి సరిపెట్టుకొనలేదు. 72 మేళకర్తల అడవిలో దారి తెలిసికొనునట్లు పెంచినారు. శిష్యుడు యౌవనముననే ఆ మేళకర్తలన్నిటను కృతులు రచించినాడు.

మన విషయమునకు ఇంకను దగ్గరివాడు ఉప్పలపు శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జననము. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. ఆయన ఇంటనుంచిన మాండొలిన్‌ను ఆరేండ్ల బాలుడు చేతబట్టినాడు. పియానోవలె అదియును మనది కాని వాద్యము. తీగెను మీటినంతనే ధ్వని చచ్చిపోవును. మెట్లు గట్టివి. కర్ణాటక సంగీతపు గమకములకు అది చాలదని పెద్దల అభిప్రాయము. చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు ఆ బాలునికి పాఠము చెప్పుటకు పూనుకొన్నారు. ఆయనకు మాండొలిన్ వాయించుట రాదు! ఆయన పాడెడివారు, బాలుడు విని ఆ పాటను తీగెలపై వెదకికొనెడివాడు. వేలు ఎక్కడ పెట్టవలెనో చెప్పువాడు లేడు. పాట ఎట్లుండవలెనో చెప్పువాడున్నాడు. బారింగ్టన్ ఒక్కదినము పెట్టిన పరీక్షను ఆ గురువు ప్రతిదినము పాఠముగా పెట్టినాడన్నమాట.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొమ్మిదేండ్ల శ్రీనివాస్ తొలి కచేరీ చేసినాడు. 1981లో మద్రాసులోని ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వినిపించినాడు. ఆ నగరపు రసికులు చిన్నవాడని జాలిపడువారు కారు, విదేశీవాద్యమని దయతలచువారు కారు. నాలుగు జంటతీగెల వాద్యమును విడిచి, ఐదు ఒంటితీగెల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టి, ధ్వనిని నిలిపి, తీగెను లాగి, గమకమును పలికించి అతడు వారికి సమాధానము చెప్పినాడు. 1983లో బెర్లిను జాజ్ ఉత్సవములో వాయించునాటికి అతనికి 14 ఏండ్లు. 45వ యేట, 2014 సెప్టెంబరు 19న ఆ వేళ్ళు నిలిచిపోయినవి. ఆయన చిన్ననాటి రికార్డులను ఈనాడు వినుడు. వాయించుచున్నది ఎవరో చెప్పకుండ మీ విద్యార్థులకు వినిపించుడు. 'పిల్లవాడు' అని ఒక్కరైనను అందురేమో చూడుడు.

బడిలో మార్కులు వేయుట అలవాటైన మనకు ఇంకొక సంగతి ఆసక్తి కలిగించును. లండనులో 1889లో ఏర్పడిన అసోసియేటెడ్ బోర్డు అను సంగీత పరీక్షామండలి పెట్టు పియానో పరీక్షలు మన దేశములోను జరుగుచున్నవి. ప్రాక్టికల్ పరీక్షకు మొత్తము 150 మార్కులు. సిద్ధపరచుకొన్న మూడు రచనలకు తలా 30. స్వరావళులకు 21. చూడని కాగితమును చూచి వాయించుటకు 21. పరీక్షకుడు వినిపించినదానిని విని గుర్తించి సమాధానము చెప్పుటకు 18. ఉత్తీర్ణతకు 100 కావలెను. వయస్సునకు ఒక్క మార్కు లేదు. ఏడేండ్లవాడైనను డెబ్బది యేండ్లవాడైనను కాగితమొకటే. బారింగ్టన్ చేతి వ్రాతప్రతి ఇంకను ఆ 21 మార్కులలో బ్రతికియున్నది. మన వార్షికోత్సవపు కాగితములో వేదికపై నడవడికి గడి యున్నది, వినికిడికి లేదు.

'మేము సంగీతజ్ఞులము కాము, మాకు నిర్ణయించు అర్హత ఎక్కడిది?' అని మిత్రులందురు. దానికి ఆదిలాబాదు చెప్పిన సమాధానమున్నది. 1928లో నేటి దహెగాం మండలములోని తెలుగుపల్లెలో పుట్టిన డాక్టరు సామల సదాశివగారు ఉపాధ్యాయులు. ఉర్దూ, ఫారసీ, మరాఠీ, సంస్కృతములు తెలిసిన పండితులు. హైదరాబాదుకును, నాగపురమునకును దూరముగా ఆదిలాబాదులో ఉండి, హిందుస్తానీ సంగీతమును జీవితాంతము విని, 'మలయమారుతాలు', 'సంగీత శిఖరాలు' వంటి పుస్తకములలో ఆ గాయకులను తెలుగువారి ఇండ్లకు తెచ్చినారు. 'స్వరలయలు' గ్రంథమునకు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆ మరుసటి ఏడు ఆయన గతించినారు. ఆయనకు వచ్చిన కీర్తి వేదికపై పాడి సంపాదించినది కాదు, శ్రద్ధగా విని, విన్నదానిని జ్ఞాపకముంచుకొని, పోల్చి చూచి సంపాదించినది. బడిపంతులు చెవికి అట్టి శక్తి రాదనుట వట్టి సోమరితనము.

అదే జిల్లా గూడెములలో గోండుల కథలను గానము చేయు పర్ధానులు కీక్రి యను కమాను వాద్యమును వాయింతురు. దానికి మెట్లు లేవు. స్వరమెక్కడ నున్నదో వేలే వెదకికొనవలెను. పెద్దవాని ప్రక్కన కూర్చుండి విని నేర్చుటయే ఆ విద్య. దానికి గడుల కాగితము ఎవ్వరును అచ్చువేయలేదు.

మార్కులు వేసి ఇంటికి పోవు మనము ఆ తరువాతి కథను చూడము. బుడాపెస్టులో 1903లో పుట్టిన ఎర్విన్ నిరెజ్‌హాజీ అను పియానో బాలుని గేజా రేవేజ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు కొన్ని ఏండ్లపాటు పరీక్షించి, 1916లో ఒక గ్రంథమునే ప్రకటించినాడు. స్వరజ్ఞానము, జ్ఞాపకము, స్వరస్థానమును మార్చి వాయించుట అన్నియు కొలిచినాడు. కొలతలు సరియైనవే. కాని ఆ బాలుడు పెద్దవాడై అమెరికాలో పేదరికమున మునిగి, సొంత పియానో లేక దశాబ్దములు గడపి, 1970లలో మాత్రమే మరల కొందరి చెవిని బడి, 1987లో మరణించినాడు. పసితనపు చప్పట్లు ఆగిపోయిన తరువాతి నిశ్శబ్దమును భరించుట ఏ పుస్తకమును అతనికి నేర్పలేదు.

మరుసటి ఏడు అదే పాఠశాలకు పోయినాను. అదే బాలుడు. అదే రచనలో అదే మొదటి భాగము. ఈమారు ఇంకను వేగముగా వాయించినాడు. ఏడాది పొడవునను ఊరంతయు అతనిని మెచ్చుకొన్నదట. మెచ్చినదానిని అతడు పెంచినాడు, అంతే. ఆ మెప్పులో నా 38 మార్కుల వంతును ఉన్నది. 40కి 22 వేసినాను. చేయి వణకినది.

పోటీ ముగిసి జనము లేచిపోయిన తరువాత బాలుని పిలిచినాను. కీబోర్డును ఇంకను కట్టలేదు. "బాబూ, దీనిని మా తాత నిద్రపోవుచున్నాడనుకొని వాయించుము" అన్నాను. నవ్వినాడు. ప్రయత్నించినాడు. వేళ్ళకు చేతకాలేదు. ఆ వాద్యము కూడ చవుకరకము, తాకిడిలోని హెచ్చుతగ్గులను పట్టుకొనదు. ఆ సంగతి నేను ముందే చూచుకొనవలసినది. భావపు గడిలో నేను తగ్గించిన మార్కులలో కొన్ని ఆ పెట్టెవి.

అప్పుడు, ఎందుకు తోచినదో చెప్పలేను, మా తల్లి బతుకమ్మనాడు పాడుచుండిన ఒక పాట వరుసను మాటలు లేకుండ గొంతెత్తి ఆలపించినాను. నా గొంతు గొప్పది కాదు. "ఇది వాయింపగలవా?" అన్నాను. బాలుడు ఒక వేలితో వెదకినాడు. మూడవమారు మొదటి సగము దొరికినది. ముఖము మారినది. వేగమును మరచినాడు, మమ్ములను మరచినాడు. రెండవ సగములో ఒకచోట ఆగి, తెల్లమెట్టును నొక్కినాడు, తల అడ్డముగా ఊపినాడు. నల్లమెట్టును నొక్కినాడు, మరల తల ఊపినాడు. నన్ను మరల పాడుమన్నాడు. పాడినాను. కన్నులు మూసికొని విన్నాడు.

"సార్, అది ఇందుల లేదు" అన్నాడు. "ఈ రెండింటి నడుమ ఉన్నది."

మార్కుల కాగితము అప్పటికే కార్యాలయమునకు పోయినది.